ఫౌజుదొర గుర్రం ముందట

నా చిన్నప్పుడు నాకు జరమొచ్చిన రోజులకంటే కడుపు మండిన రోజులే ఎక్కువ. అరవై అయిదు దాటినంక ఇంక దాచుకొని ఏం లాభం, ఉన్నదున్నట్టు చెప్త. ఎవరి జడకు కొత్త రిబ్బను కనపడ్డా, ఎవరి కాళ్ళకు కొత్త పట్టీలు మోగినా నాకు ఆ పూట బువ్వ సయించకపోయేది. మా అవ్వ, అంటే మా నాయిన తల్లి, నా మొకం చూసే కనిపెట్టేది, ఇయ్యాల ఎవరింట్ల ఏం కొన్నరో అని. ఇగ మా ఎదురింటి పిల్ల మీద నాకున్న కుళ్ళు వేరే. అది రిబ్బన్లతోని తీరేది కాదు.

నిజానికి ఆ పిల్లను చూసి ఓర్వకపోవడానికి అక్కడ ఏమీ లేదు. మాకు చెరువు కింద పొలం, మిరప చెలక, రెండు జతల ఎడ్లు, ఇంటెనుక బర్రెలు. వాళ్ళది ఊరి బట్టలు ఉతికే ఇల్లు. ఒక గుడిసె, ఒక గాడిద, ఆ పిల్లకు రెండే గౌన్లు, ఆ రెండూ మా ఇంట్లనుంచి పోయినవే. నా పాత గౌను ఏసుకొని బడిల నా పక్కనే కూసునేది. అయినా దానికి ఏదో తక్కువైందన్న సోయే లేదు. మంది దగ్గర ఉన్నది చూసి ఆశపడే గుణం దేవుడు దానికి పెట్టలే. నాకు ముందుగాల మండింది అక్కడనే.

మా ఊరు కురవికీ మానుకోటకూ నడుమ ఉంటది. బస్సు మీద మహబూబాబాద్ అని రాస్తరు గని మేము మానుకోట అనే అంటం. ఊరి నడుమ దొరలుండిన గడి ఉంది. ఇప్పుడైతే గోడలకు సున్నం ఏసి, ముందట ఒక బోర్డు పాతిండ్రు, ఆ బోర్డు మీద ఫౌజుదొర గొప్పతనమంతా రాసి పెట్టిండ్రు. పెండ్లి కుదిరిన పిల్లలు కార్లల్ల వచ్చి అక్కడ ఫొటోలు దిగి పోతరు. మా రోజుల్ల అది మా బడి. దొర ఉన్న కాలంల దర్బారు నడిచిన అర్రల మేము ఎక్కాలు చదివినం. పెద్ద దర్వాజ ఎంత ఎత్తంటే, గుర్రం మీద ఉన్న మనిషి తల వంచకుండనే లోపలికి పోయేటంత ఎత్తు. దాని పక్కన గుర్రం ఎక్కేటందుకు ఏసిన నున్నటి బండ ఒకటి ఉండె. ఇంటర్వెల్ గంట కొట్టంగనే ఆ బండ మీద కూసునేటందుకు మేము కొట్లాడుకునేటోళ్ళం.

ఫౌజుదొర నైజాం ఫౌజుల గుర్రపు దళానికి పెద్ద అని చెప్పుకునేది. నేను పుట్టెటాళ్ళకే ఆయన లేడు, ఆయన మనుషులు పట్నం పోయి అక్కడనే ఉండిపోయిండ్రు. మాకు ఆయన ముచ్చట్లంటే పానం. ఆయన కత్తి మనిషి నిలువంత ఉండేదని ఒకడు, ఆయన మీసం పట్టుకొని రెండు పిచ్చుకలు ఊగేవని ఇంకొకడు, ఎవనికి తోచింది వాడు చెప్పేటోడు. పెద్దోళ్ళు మాత్రం ఆయన పేరెత్తకపోయేది. అది భక్తి అని మేము అనుకున్నం.

నేను నాలుగో తరగతిల ఉన్నప్పుడు కృష్ణా దిక్కునుంచి ఒక పెద్దసారు మా బడికి వచ్చిండు. మంచాయన. మేము మాట్లాడేది ఆయనకు సగమే సమజయ్యేది, ఆయన మాట్లాడేది మాకు పాఠం చదివినట్టు వినిపించేది. గడిని చూసి ఆయన మురిసిపోయిండు. ఇంత చరిత్ర ఉన్న ఊళ్ళె ఉండి మీకేమీ తెలియదా అని కోప్పడి, బడి వార్షికోత్సవానికి ఫౌజుదొర మీద నాటకం ఏద్దాం, ఇంటికి పోయి మీ మీ తాతల్ని అడిగి రండి అన్నడు.

తెల్లారి ఒక్కొక్కలం లేచి చెప్పినం. ఒకని తాత గుర్రాలకు గడ్డి కోసిండట, ఒకామె నాయినమ్మ గడిల వడ్లు దంచిందట. సారు తలూపుకుంట విన్నడు. అప్పుడు మా ఎదురింటి పిల్ల లేచి నిలబడ్డది. నా నీలం గౌను ఏసుకొని ఉంది.

"మా తాత ఫౌజుదొర గుర్రం ముందట ఉరికేటోడు సార్" అన్నది.

తరగతంతా దాని దిక్కే తిరిగింది. మాకు తెలిసిన లోకంల ముందట పోయేటోడే పెద్దోడు. మంత్రి వస్తే ముందు జీపుల పెద్ద పోలీసు వస్తడు, పెండ్లి ఊరేగింపుల ముందు బాజాలు పోతయి, బోనాలకు ముందు పోతరాజు పోతడు. అట్లాంటిది అంత పెద్ద ఫౌజుదొరకే ముందట పోయినోడంటే ఆయన ఇంకెంత మొనగాడై ఉండాలె. సారు కూడ అట్లనే అనుకున్నడు. అంటే అంగరక్షకుడన్నమాట అని బోర్డు మీద రాసిండు. నా కండ్లల్ల మిరపపొడి పడ్డట్టయింది.

తరువాత నా వంతు. మా తాత ఏం చేసిండో నేను అడగనే లేదు, మాకు ఎడ్లున్నయి భూమి ఉంది అన్న ధీమా. లేచి నిలబడి, నోటికొచ్చింది అనేసిన. మా తాత గుర్రం ఎనుక ఉరికేటోడు అన్న. ఒక్కసారి అందరు గొల్లుమన్నరు. ఎనుక ఉరికేది కుక్కనే అని ఎవడో అన్నడు. సారు కూడ నవ్వు ఆపుకున్నడు. ఇంటర్వెల్ల పిల్లలందరు కలిసి ఎదురింటి పిల్లను బండ మీద కూసోబెట్టిండ్రు, కొట్లాట లేదు, ఏం లేదు. అదేమో పక్కకు జరిగి, రావే, నువ్వు గూడ కూసో అని నన్ను పిలిచింది. పిలవకపోతే అంత మండకపోవునేమో. నాకు కాళ్ళు గుంజుతున్నయని చెప్పి దూరం పోయి నిలబడ్డ.

ఆ సాయంత్రం మా తాతను పట్టుకున్న. ఆయన వాకిట్ల కూసోని ఎండుమిరపకాయల తొడిమెలు తీస్తుండె. ఫౌజుదొరకు నువ్వేం చేసేటోనివి తాతా అని అడిగిన. తల ఎత్తలే. మళ్ళ అడిగిన. మూడోసారి అడిగేటాళ్ళకు తువ్వాల దులిపి భుజం మీదేసుకొని బయటికి పోయిండు. మా అవ్వ లోపలనుంచి వచ్చి, గడి ముచ్చట ఇంట్లకు తేకు బిడ్డా అని ఒక్క మాట అని చాట అందుకున్నది. మా తాత దొర కొలువుల ఏమీ కాడు, అందుకే సిగ్గుపడుతున్నడు అని నాకు గట్టిగ అనిపించింది.

నాటకం తయారీ మొదలయింది. ఊరి పటేలు కొడుకు ఫౌజుదొర. బొంగులు కట్టి, గోనెసంచులు చుట్టి సారు ఒక గుర్రం చేయించిండు. ఎదురింటి పిల్లకు ఎర్ర రుమాలు తలపాగ, చేతిల గజ్జెలు కట్టిన కట్టె. అది ముందట ఉరుక్కుంట, సర్కారు వస్తున్నరు తప్పుకోండ్రి అని అరవాలె. నాకు ఇచ్చిన వేషం ఏందంటే, తొవ్వ పక్కకు తప్పుకునే జనంల ఒకదాన్ని. మాట లేదు, తలపాగ లేదు, తప్పుకొనుడు ఒక్కటే పని. ఇంట్ల రెండు జతల ఎడ్లున్నదాన్ని, నా పాత గౌను ఏసుకున్నదానికి దారి ఇయ్యాల్నట. ఒకనాడు ఎవ్వరు చూడకుండ ఆ గజ్జెల దారం బ్లేడుతోని కోసిన. ఆ పిల్ల రాలిన గజ్జెలన్నీ ఏరుకొని, ఇంటికి తీసుకపోయి, తెల్లారి మళ్ళ కట్టుకొని వచ్చింది.

ఇగ ఓపిక పట్టలేక ఒకనాడు ఎదురింటి తాత దగ్గరికే పోయిన. ఆయన గుడిసె ముందట మూటలు ఇప్పుకొని, ఏ ఇంటి బట్టలు ఆ ఇంటికి వేరు చేస్తున్నడు. బట్ట అంచున జీడి రసంతోని పెట్టిన చిన్న గుర్తు చూసి, కండ్లు సరిగ ఆనకున్నా, ఇది మీ ఇంటిది ఇది పటేలుదని చెప్పేటోడు. నడిచేటప్పుడు రెండు కాళ్ళూ పక్కలకు ఏసి నడిచేటోడు. నేను పక్కన కూసోని, తాతా, నువ్వు సారు దగ్గరికి వచ్చి మా తాత గూడ నీతోని ముందట ఉరికిండని చెప్పు, ఒక్కసారి చెప్పు చాలు అని బతిమిలాడిన. నాకు గూడ తలపాగ కావాలె అన్న. అన్నంక ఏడుపొచ్చింది.

ఆయన చేతుల ఉన్న అంగిని మడిచి పక్కకు పెట్టిండు. కోపం చేస్తడనుకున్న. "గంతేనా బిడ్డా. దాంట్ల ఏముంది, నీకు గూడ ఇస్త. ఆయితారం పగటీలి రా, ఎవ్వలకు చెప్పకు" అన్నడు.

ఆయితారం రానే వచ్చింది. ఎదురింటి పిల్ల వాళ్ళమ్మతోని కురవి పోయింది. నేను చెప్పులు కూడ ఏసుకోకుండ ఉరికిన, దొర గుర్రం ముందట చెప్పులేసుకోవద్దని ఆయనే చెప్పిండు. ఆయన గాడిదను బయటికి తోలుకొచ్చి, దాని మెడకు రెండు గంటలు కట్టి, కుంటుకుంట ఎక్కి కూసున్నడు. నా నెత్తికి ఎర్ర గుడ్డ చుట్టిండు. ఇది దొర గుర్రం, నేను దొరను, మనం వాగు దాకా పోవాలె అన్నడు. ఎనుకకు తిరిగి చూడొద్దు. జంతువు మూతి నీ వీపుకు తగలొద్దు, తగిలిందంటే నువ్వు మెల్లగైనట్టు. చెట్టు నీడకు ఆగొద్దు. తొవ్వల మనిషి అలికిడి అయితే అరవాలె. ఆ అరుపు ఎట్లుండాల్నో కూడ నేర్పిండు, మొదలు ఒక దీర్ఘం తీసి, చివరికి కొరడా ఇసిరినట్టు తెంపాలె. ముసలి గొంతులనుంచి ఆ అరుపు ఎంత నిక్కచ్చిగ వచ్చిందంటే, గోడ మీద పిల్లి దిగి పోయింది.

మొదలు పది ఇండ్లు దాటెదాకా నా అంత గొప్పది లేదు. ఊరోళ్ళు చూడాలె, సారు చూడాలె, ఎనుక ఉరికేది కుక్క అన్నోడు చూడాలె అనుకుంట ఛాతి ముందుకు పెట్టి ఉరికిన. ఊరు దాటినంక తెలిసింది. ఎండ నెత్తి మీదున్నది. తొవ్వల దుబ్బ కాలుతున్నది, పక్కకు పోదామంటే పల్లేరుకాయలు. నిలబడుదామంటే ఎనుక డెక్కల చప్పుడు. తాత గాడిదను మెల్లగనే తోలిండు, ఆ సోయి నాకు తరువాత వచ్చింది. అప్పుడైతే గంటల చప్పుడు నా చెవుల్లనే మోగుతున్నది, ఒకపాలి గాడిద మూతి తడిగ నా వీపుకు తాకింది. ఎనుకకు చూడొద్దు కాబట్టి అదెంత దూరంల ఉందో తెల్వదు. తెల్వకపోవుడే పెద్ద భయం.

ఈతచెట్ల మలుపు కాడ ఎదురుగ మనిషి వస్తున్న అలికిడి అయింది. నేను ఉన్న ఊపిరంతా కూడగట్టుకొని, తాత నేర్పినట్టే దీర్ఘం తీసి అరిచిన. సర్కారు వస్తున్నరు, తప్పుకోండ్రి అని.

మలుపు తిరిగితే మా తాత.

చెలకనుంచి నెత్తి మీద మిరపకాయల మూటతోని వస్తున్నడు. నన్ను ఆయన అప్పటికి చూడలే, అరుపు ఒక్కటే విన్నడు. మూట కింద పడేసిండు. భుజం మీది తువ్వాల గుంజి నడుముకు కట్టుకున్నడు. చెప్పులు ఇడిచి చేతుల పట్టుకొని, తొవ్వ దిగి, తుమ్మకంపల్ల పోయి నిలబడ్డడు. తల కిందికి వంచి, నిలబడ్డోడు నిలబడ్డట్టే ఉన్నడు. ఎంతసేపు అంటే, నేను ఆయన ముందటికి వచ్చి ఆగినంక కూడ నా కాళ్ళనే చూస్తుండె. పిల్ల కాళ్ళని గుర్తుపట్టి అప్పుడు తల ఎత్తిండు. నన్ను చూసిండు, నా నెత్తి మీది ఎర్రగుడ్డ చూసిండు, గాడిద మీదున్న మనిషిని చూసిండు.  మా తాత చెప్పులు కింద ఏసి తొడుక్కొని, మూట నెత్తికెత్తుకొని ఊరి దిక్కు పోయిండు. నేను మూడుసార్లు అడిగినదానికి ఆయన చెప్పని జవాబు నాకు ఆ తుమ్మకంపల్ల దొరికింది.

వాగు కాడ నేను నీళ్ళల్లకు దుంకబోతే ఎదురింటి తాత ఆపిండు. ముందు గుర్రం తాగాలె అన్నడు. గాడిద కొంచెం కొంచెం తాగుకుంట, చెవులు ఊపుకుంట, ఎంత నిదానంగ తాగిందో నాకు ఇప్పటికీ యాదికున్నది. అది తాగినంక నాకు తనే దోసిట్ల నీళ్ళు పోసి, నా కాళ్ళు కడిగి, చెట్టు కింద కూసోబెట్టిండు. అక్కడ చెప్పిండు ఆ తాత.

ఆయనను పన్నెండేండ్లప్పుడు ఆ పనికి పెట్టిండ్రట. ఇష్టముండి కాదు, కూలికి కాదు. ఇంటికొకడు గడికి ఊకెనే చెయ్యాల్సిన వెట్టి అది. దొర సెలవుకు వచ్చినా, సెలవు అయిపోయి పోయినా మానుకోట టేషన్ దాకా గుర్రం ముందట ఉరకాలె, మూడు కోసుల తొవ్వ. మెల్లగైతే ఎనుక కొరడా. దొర రైలెక్కినంక గుర్రానికి ఉలవలు పెట్టేటోళ్ళు, ఈయనకు ఏం లేదు. వచ్చేటప్పుడు గుర్రం మీద ఎవ్వరు లేకున్నా ముందట ఉరుకుడే. ఉత్త గుర్రానికి గూడ దారి ఇడిపించాలె, ఊరోళ్ళు ఉత్త జీనుకు గూడ తల వంచాలె. అట్ల ఆయనకు మీసాలు వచ్చినయి, పెండ్లయింది, పిల్లలు పుట్టిండ్రు, అయినా ఉరికిండు. పాదాలు అప్పుడు పోయినయే.

మరి ఆ పిల్లకు అట్లెందుకు చెప్పినవ్ తాతా అని అడిగిన. కోపంగనే అడిగిన, నన్ను మోసం చేసినట్టు అనిపించింది.

"అది అడిగింది బిడ్డా, నువ్వేం చేసేటోనివని. అబద్ధం ఆడలే. ముందట ఉరికిన అన్న. ఎందుకు ఉరికిన్నో చెప్పలే. అది నన్ను ఎట్ల చూసిందంటే, పుట్టి బుద్ధెరిగినంక నన్ను ఎవ్వలు అట్ల చూడలే. జర అట్లనే ఉండనియ్యి" అన్నడు. నీకు ఇస్తనన్న గద, అందుకే మొత్తం ఇచ్చిన, ఇగ నీ దగ్గర పెట్టుకో అని కూడ అన్నడు. నేను సరే అన్న.

ఇంటికి పోయేటాళ్ళకు మా తాత వాకిట్లనే ఉన్నడు. నన్ను తిట్టలే. మంచం మీద కూసోబెట్టి, నా పాదాలు తన ఒళ్ళె పెట్టుకొని, పిన్నీసుతోని ఒక్కొక్క పల్లేరు ముల్లు తీసిండు. అన్నీ తీసినంక ఇగ అడగకు అన్నడు. నేను అడగలే.

ఇంత జరిగినంక నా కుళ్ళు పోయి ఉంటదని మీరు అనుకోవచ్చు. ఏం పోలే. ఇంకా పెరిగింది. ఇప్పుడు నా చేతుల ఒక మాట ఉంది. బండ మీద కూసున్నదాన్ని ఆ ఒక్క మాటతోని కింద పడెయ్యచ్చు. బడిల దాని మొకం చూసినప్పుడల్లా ఆ మాట నాలిక కొసకు వచ్చేది, మింగేదాన్ని. చెప్పొద్దనుకున్న మాట కడుపుల పెట్టుకొని తిరుగుడు ఎంత కష్టమో ఓర్వలేనోళ్ళకే తెలుస్తది.

నాటకానికి రెండు రోజుల ముందు నేను నా వేషం సరిగ కట్టలే. అది గజ్జెల కట్టెతోని ఉరికొచ్చి తప్పుకోండ్రి అంటే జనమంతా తప్పుకున్నరు, నేను నిలబడ్డ. కావాలని కాదు. తప్పుకోబోతే మా తాత తుమ్మకంపల్ల నిలబడ్డది కండ్ల ముందటికి వచ్చి కాలు కదలలే. సారు అరిచిండు, నువ్వలా గుంజలా నిలబడ్డావేంటని. పిల్లలు నవ్విండ్రు. ఆ పిల్ల కూడ నవ్వుకుంటనే, తప్పుకోవే మరి, మా తాత వస్తుండు అన్నది. అంతే. దాని రెక్క పట్టుకొని గడి ఎనుక, కూలిపోయిన గుర్రాల కొట్టం గోడ చాటుకు గుంజుకపోయిన.

అంతా చెప్పేసిన. మూడు కోసులు, కొరడా, ఉలవలు, ఉత్త గుర్రం, ఏదీ ఇడువలే. మీ తాత అంగరక్షకుడు కాదు ఏం కాదు అని పండ్లు కొరుక్కుంట చెప్పిన. చెప్పి, అది ఏడుస్తదని దాని మొకం దిక్కు చూసిన.

అది ఏడువలే. నాకు ఎరికే అన్నది.

రేవు కాడ ముసలోళ్ళు బట్టలు పిండుకుంట మాట్లాడుకున్నది ఎప్పుడో విన్నదట. రోజు సాయంత్రం తాత కాళ్ళకు ఆముదం రాసేది తనే గద, ఆ పగుళ్ళు చూసినోళ్ళకు ఒకలు చెప్పాల్నా అన్నది. మరి తరగతిల అట్ల ఎందుకు చెప్పినవే అంటే, తాత సంబురంగ చెప్పిండు, నేను సంబురంగ విన్న, సారు అడిగితే తాత చెప్పిందే చెప్పిన అన్నది. నాటకంల ఉరకను అంటే నాకు తెలిసిందని ఆయనకు తెలుస్తది, అప్పుడు మొకం ఎక్కడ పెట్టుకుంటడు అన్నది. పదేండ్ల పిల్ల.

అప్పటిదాక మామూలుగనే ఉన్నది, ఉన్నట్టుండి దాని మొకం మారింది. "నీకు ఆయననే చెప్పిండా? ఆయన నోటితోని?" అని అడిగింది. అవునన్న. వాగు కాడ కూసోబెట్టి చెప్పిండన్న. అప్పుడు ఏడ్చింది. కొట్టం గోడకు ఒరిగి, ఎర్ర తలపాగ మొకానికి అడ్డం పెట్టుకొని ఎక్కెక్కి ఏడ్చింది. నాకు ఒక్కనాడు చెప్పలే, నీకెందుకు చెప్పిండు, నాకంటే నువ్వు ఎక్కువనా అని. ఎవ్వరిదాని మీద ఆశపడని ఆ పిల్ల నా మీద కుళ్ళుకుంటున్నది. పుట్టినప్పటినుంచి నేను కోరుకున్నది అదే. ఒక్క నిమిషం తీపిగనే ఉండె, అబద్ధమెందుకు. తరువాత ఆ ఏడుపు ఆపితే చాలు, నా దగ్గరున్నది ఏదన్నా ఇచ్చేద్దామని అనిపించింది. ఇచ్చేటందుకు ఏం లేదు. ముక్కు తుడుచుకొని అదే అన్నది, నాకు ఎరికని తాతకు చెప్పకు అని. సరే అన్న. ఒక్క వారంల ఒకే ఇంట్ల ఇద్దరికి సరే అన్న.

వార్షికోత్సవం నాడు పొద్దు గూకక ముందే గడి ముంగిట నిండ జనం. గడి లోపలికి ఎప్పుడు రాని ముసలోళ్ళు కూడ పిల్లల కోసం వచ్చి కింద కూసున్నరు. ఎదురింటి తాత ఒక మూలకు కూసోని ఉంటే, మా తాత వచ్చి ఆయన పక్కనే కూసున్నడు. నేను వాళ్ళకు అందేటంత దూరంల, తొవ్వ పక్క జనంల నిలబడ్డ. గజ్జెలు మోగినయి. అది ఉరికొచ్చింది. ఆ అరుపు దానికి ఎవరు నేర్పిండ్రో నాకు తెల్వదా, అదే దీర్ఘం, అదే తెంపుడు. ముంగిట్ల ముసలోళ్ళందరు బిగుసుకుపోయిండ్రు. ఒక్కరు చప్పట్లు కొట్టలే. సారు పరేషాన్ అయిండు. ఆ పిల్ల మాత్రం నవ్వుకుంట, కండ్లు తాత మీదనే పెట్టి ఉరికింది. నా కాడికి వచ్చింది. నేను తప్పుకున్న.

అప్పుడు ఎదురింటి తాత నా గౌను అంచు పట్టి గుంజి, వంగుమని సైగ చేసిండు.  నా చెవుల అడిగిండు. "దానికి ఏం ఎరుక లేదు గద బిడ్డా?"

ఎదురుగ అది బొంగుల గుర్రం ముందట తిరుగుతున్నది. నా నీలం గౌను, ఎర్ర తలపాగ.

లేదు తాతా, దానికేం ఎరుక లేదు అని చెప్పిన.

ఆయన నా గౌను ఇడిచిపెట్టి, రెండు చేతులెత్తి చప్పట్లు కొట్టిండు. ఒక్కడే. ఆయన ఎనుక మా తాత కొట్టిండు. తరువాత ముంగిలంతా కొట్టింది. బాగా వచ్చింది కదా అని సారు మురిసిపోయిండు, పాపం.

ఎదురింటి తాత ఇంకో నాలుగేండ్లు బతికిండు. మనుమరాలు తనను మొనగాడనుకుంటుందనే నమ్మకంతోనే పోయిండు. ఆమె ఇప్పుడు భూపాలపల్లిల ఉంటది, కొడుకుకు బొగ్గుబాయిల కొలువు. మొన్న వాళ్ళింటికి పోయి రెండు రోజులున్న. కొడుకు కోడలు ఆమెను చూసుకునే తీరు చూస్తే నాకు ఇప్పటికీ ఓర్వబుద్ధి కాదు, ఆ గుణం నాతోనే పోతది. సాయంత్రం అరుగు మీద కూసున్నప్పుడు, ఉన్నట్టుండి అడిగింది. ఆనాడు నేను ఉరుక్కుంట చూసిన, తాత నీ చెవుల ఏదో అన్నడు, ఏందే అది అని. యాభై అయిదేండ్లు లోపల పెట్టుకొని అడిగిన మాట.

చెప్తే ఎవరికీ నష్టం లేదు. ముసలాయన లేడు, ఆమెకు కూడ సంతోషమే అయితది. నోరు తెరిచిన. అంతల ఆ పాత మంట మళ్ళ లేచింది. ఆ తాత నవ్వు ఆమెదే, ఆయన కాళ్ళకు ఆముదం రాసిన చేతులు ఆమెవే, పోయేటప్పుడు నోట్ల నీళ్ళు పోసింది ఆమెనే. నాకంటూ ఆయన ఇచ్చింది గౌను అంచు పట్టి ఒక్క గుంజుడు, చెవుల ఒక్క మాట. దూప అయితుందన్నడే, నీళ్ళు తెమ్మన్నడు అని చెప్పిన. నమ్మలేదని ఆమె మొకంలనే తెలిసింది. ఇంకోసారి అడిగింది. నేను ఇయ్యలే.